ఫ్రీజర్లో జడ

పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగి పెట్టిందని సామెత. లెసియేలి ఇంట్లో పేనుకు ఆ శ్రమ కూడా తప్పింది. గొరిగే పనేదో లెసియేలే చేసిపెట్టింది, గురువారం సాయంత్రం, వంటింట్లో, కోడిమాంసం కోసే కత్తెరతో.

ఆమెను అనడానికి మనకేం, ఎన్నైనా అంటాం. తెల్లవారుజామున లేచి విమానాశ్రయం వంటశాలకు పోయి, నిలువుకాళ్ళ మీద భోజనం పళ్ళేలు సర్ది, ఇంటికొచ్చి, మూడు సాయంత్రాలు వరసగా ఏడేళ్ళ కూతుర్ని కాళ్ళ మధ్య కూచోబెట్టుకుని పేల దువ్వెనతో కుస్తీ పడితే తెలుస్తుంది. ఆ పిల్ల పేరు లతాయ్. నడుం కిందికి దిగే జుట్టు, చేతికి పట్టనంత ఒత్తు. మీ పిల్ల తరగతిలో పేలున్నాయి చూసుకోండి అని బడి నుంచి చీటీ వచ్చింది. చూసుకుంటే ఏముంది, అవి కాపురాలు పెట్టి మనవళ్ళను ఎత్తుకునే దశలో ఉన్నాయి. మందు రాసింది, నూనె రాసింది. దువ్వెన పళ్ళు విరిగాయి. పిల్ల ఏడ్చింది. మూడో సాయంత్రం, నాలుగేళ్ళ ఫొలావ్ అక్కకు సాయం చేద్దామని తేనె సీసా తెచ్చి, "ఇప్పుడు పేలన్నీ అంటుకుపోతాయి చూడు" అంటూ తల మీద బోర్లించాడు. అంతే. లెసియేలికి కోపం ముందు, బుద్ధి వెనక. మెడ దగ్గర జడ ఒడిసి పట్టుకుని కసకసా కోసేసింది.

జడ చేతిలోకి వచ్చి వేలాడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఈ జుట్టు తనది కాదని. లతాయ్‌ది కూడా కాదు. మేనత్తది.

టోంగా ఇళ్ళల్లో మేనత్తంటే మాటలా! నాన్నకు అక్క. ఇంట్లో ఏ వస్తువు మీదైనా చెయ్యి వేసి "బాగుందే" అందంటే ఇక అది ఆమెదే, మారుమాట లేదు. మేనకోడలి జుట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమె ఊ అనకుండా అంగుళం తగ్గించకూడదు. ఆడపిల్ల తల అలా బోడిగా కనిపించిందంటే చూసినవాళ్ళకు తోచేది ఒక్కటే: మేనత్త పోయింది, ఆ దుఃఖానికి జుట్టు తీశారు అని.

ఈ మేనత్త నిక్షేపంగా బతికే ఉంది. పేరు కలోలైన్. శుక్రవారం మధ్యాహ్నం విమానంలో టోంగా రాజధాని నుకుఅలోఫా నుంచి ఆక్లండ్‌లో దిగుతోంది కూడాను. ఎందుకంటారా? శనివారం వేసవి ఉత్సవంలో లతాయ్ మొట్టమొదటిసారి ఒంటరిగా నాట్యం చేస్తుంటే ముందు వరసలో చాప మీద కూచుని చూడటానికి.

లెసియేలి మొగుడు సెమీసి బస్సు డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చల్లగా ఏమన్నా తాగుదామని ఐసు కోసం ఫ్రీజర్ తలుపు తీశాడు. గొర్రెమాంసానికీ చేమాకు కట్టకూ మధ్య ప్లాస్టిక్ సంచీలో ఏదో నల్లగా కనిపించింది.

"ఏంటే ఇది?"

"నీ కూతురు."

"ఆఁ?"

"నీ కూతురి జడ. గడ్డకట్టిస్తే పేలు చస్తాయంది బడి నర్సు."

సెమీసి ఆ సంచీ పట్టుకునే స్టూలు మీద కూలబడ్డాడు. "కోసినదానివి పారెయ్యకుండా దాచావేం?"

"జుట్టు చెత్తబుట్టలో పారేసే పుట్టుక కాదు నాది."

"పద్ధతి బాగానే గుర్తుందే! కోసేముందు ఏమైంది మరి?"

తప్పు మనదైనప్పుడు ఏం చేస్తాం, ఎదురుదాడికి దిగుతాం. లెసియేలీ అంతే. "మీ అక్కకి నువ్వే చెప్పు" అంది.

"నేనా! అక్క ముందు కూచుని పేల గురించి మాట్లాడనా? నీకేమన్నా మతిపోయిందా? చిన్నప్పట్నుంచీ అక్క ఉన్న గదిలోకి దగ్గకుండా అడుగుపెట్టలేదు నేను."

అందులో అబద్ధం లేదు. అక్కాతమ్ముళ్ళంటే అంత మర్యాద. అక్క ముందు వెకిలిమాట గాని, ఒంటికి సంబంధించిన మాట గాని నోట రాకూడదు. పేలు ఆ రెండింటి కిందికీ వస్తాయి.

"అయితే నన్నే చెప్పమంటావు."

"కోసింది నువ్వు."

"కన్నది కూడా నేనే. పేలు మాత్రం మీ వంశానివి."

ఇంత మాట అన్నా ఆమె భయం వేరే. పన్నెండేళ్ళ కిందట పెళ్ళిలో, అందరూ తిని లేచాక, కలోలైన్ ఎవరితోనో అంటుండగా తన చెవిన పడ్డ మాట ఉంది. "పిల్ల మంచిదే. కాని ఆక్లండ్ తేమకి చాపలే చివికిపోతాయి, పద్ధతులొక లెక్కా?" ఆ రోజు నుంచి లెసియేలి చెయ్యనిది లేదు. పిల్లలకు ఇంట్లో టోంగా మాట తప్ప ఇంగ్లిషు ముక్క రానివ్వలేదు. ఆదివారం చర్చి మానలేదు. ఈ వేసవంతా పనినుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, లతాయ్‌కి వేలు వేలునా నాట్యం నేర్పింది. ఇప్పుడు రేపొచ్చే మనిషికి ఎదురుగా ఈ బోడితల! ఎదురుగా బతికున్న మనిషికి చావుకబురు చూపించినట్టు. ఇంత అపశకునం మధ్య నాట్యమేంటి, పిల్లను దించండి అని ఆవిడ అంటే ఎదురు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

లతాయ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "అమ్మా, అత్త వద్దంటే నేను డాన్సు చెయ్యకూడదా?"

"నువ్వు చేస్తావు" అంది లెసియేలి.

ఆపద్ధర్మానికి మేనమామ ఉన్నాడు. లెసియేలి తమ్ముడు ఇనోకే, అక్క దగ్గర మర్యాద అంటుకోని రకం. మేనత్త ఎంత పైనో మేనమామ అంత కింద. పిల్లలు అతని నెత్తినెక్కి తొక్కొచ్చు, పళ్ళెంలోది లాక్కోవచ్చు, జేబులు తడమొచ్చు, కోప్పడే హక్కు పాపం అతనికి లేదు. ఉత్సవంలో లతాయ్ వెనకాల కోతిగంతులేసే పని కూడా అతనిదే. పిల్ల ముందు నిలబడి వయ్యారంగా నాట్యం చేస్తుంటే, కిందివరస చుట్టాలు వెనకాల వంకర టింకరగా గంతులేయాలి, వాళ్ళ వికారం చూసి పిల్ల అందం రెట్టింపు కావాలి. ఇనోకే ఆ పనికి పెట్టి పుట్టాడు.

అక్క ఫోన్ చెయ్యగానే వచ్చి, సంచీలోంచి ఒక విగ్గు తీశాడు.

"ఎక్కడిదిరా?"

"మా రగ్బీ జట్టులో ఒకడు పోయిన డిసెంబరులో పెళ్ళికూతురి వేషం వేశాడు. వాడిది."

"ఊదారంగులో ఉందేంట్రా?"

"నీడలో నల్లగానే ఉంటుంది."

"ఎల్లుండి స్టేజీ ఎండలో ఉంటుందిరా వెధవా!"

"అయితే మబ్బు పట్టాలని ప్రార్థన చెయ్యి."

శుక్రవారం కలోలైన్ దిగింది. నల్ల గౌను, నడుముకు మర్యాదకు చుట్టుకునే చాప, తెల్లటి ముడి, ఆరడుగుల మనిషి. గుమ్మంలోకి రాగానే ఇల్లే ఇరుకైనట్టు అనిపించింది. నడివేసవి ఫిబ్రవరి ఎండకు కిటికీ అద్దాలు చుర్రుమంటుంటే, లతాయ్ తల మీద చెవుల దాకా లాగిన ఊలు టోపీ ఉంది. కలోలైన్ వంగి, పిల్ల చెంప మీద ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చి ముద్దు పెట్టుకుంది. అలాగే ఒక్క క్షణం ఉండిపోయింది.

"చలేస్తోందా తల్లీ?"

"కొంచెం అత్తా" అంది లతాయ్. ముక్కు మీద నుంచి చెమట బొట్టు జారింది.

ఫొలావ్ పొట్టలో మాట ఆగే రకం కాదు. మేనత్త గౌను పట్టుకుని లాగాడు. "అత్తా, మా ఇంట్లో ఒక రహస్యం ఉంది. నేను చెప్పకూడదు. ఫ్రీజర్లో ఉంది."

లెసియేలి ప్రాణాలు అక్కడికక్కడే పోయి మళ్ళీ వచ్చాయి. కలోలైన్ వాణ్ణి ఎగాదిగా చూసి, "చెప్పకూడదన్నాక చెప్పకూడదు నాన్నా" అంది. తరవాత తల తిప్పి, "ఏమన్నా చెప్పాలా లెసియేలీ?" అని అడిగింది.

"ఏం లేదు వదినగారూ. టీ పెట్టమంటారా?"

టీ తాగాక కలోలైన్ పెట్టె విప్పి, చాపల మడతల్లోంచి ఒక పొట్లం తీసింది. అందులో నల్లటి సన్నటి నడుంతాడు. కొబ్బరినారతో పేనింది కాదు, ఆడవాళ్ళ జుట్టుతో అల్లింది, ఎన్నో పాయల అల్లిక. నాట్యం చేసే పిల్లకు చాప జారకుండా దీన్నే కడతారు.

"మా మేనత్త పోయినప్పుడు తీసిన నా జుట్టిది" అంది దాన్ని లతాయ్ ఒళ్ళో పెట్టి. "అప్పుడు నాకు పదిహేనేళ్ళు. అంతకుముందు మా నాన్నమ్మది కూడా కొంత కలిసింది. రేపు నీ నడుముకి నేనే కడతాను."

లతాయ్ దాన్ని వేళ్ళతో నిమిరి చూసింది. పక్కనే నిలబడ్డ లెసియేలికి టీ కప్పంత నిజం కూడా చెప్పలేని తన పిరికితనం మీద తనకే అసహ్యం వేసింది. చెప్పేస్తే పోలా అనుకుంది. చెప్పలేదు. రేపు నాట్యం అయిపోతే చాలు, తరవాత కాళ్ళ మీద పడి చెప్పేస్తానని దేవుడికి మాటిచ్చింది. మనం దేవుడికిచ్చే మాటలన్నీ రేపటివే కదా.

శనివారం పార్కులో ఇసక వేస్తే రాలని జనం. పిల్లలతో ఉత్సవానికి వెళ్ళినవాళ్ళకు తెలుసు, అందులో ఉత్సవం ఎంతో, పరుగులెంతో. కారు నిలిపిన చోటు నుంచి చాపలు, మంచుపెట్టె, లూ పొట్లాలు, గొడుగులు మోసుకొచ్చేసరికే సెమీసి చొక్కా తడిసింది. పొట్లాల్లోంచి కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు వాసన వస్తుంటే, నాకిప్పుడే కావాలని ఫొలావ్ పేచీ. ఇచ్చారు. రెండు ముద్దలు తిని, మొహానికి సొరచేప రంగు వేయించుకోవాలన్నాడు. వేయించారు. వేయించగానే ఒంటికి అన్నాడు. మరుగుదొడ్డి ముందు మైలు పొడుగు వరస. వరసలో ఉండగా ఒక చెప్పు పోయింది. "ఏదిరా చెప్పు?" అంటే, "సొరచేపలకి చెప్పులుండవు" అన్నాడు. వాడి మాట కాదనలేక రెండో చెప్పు కూడా విప్పి సంచీలో పడేసింది లెసియేలి.

మబ్బు పట్టలేదు. లెసియేలి ప్రార్థన చెయ్యలేదన్నమాట, లేదా ఆమె ప్రార్థన పైవాళ్ళెవరూ లెక్కచెయ్యలేదు.

స్టేజీ వెనక గుడారంలో లతాయ్‌ని తయారు చేశారు. నారబట్ట, దాని మీద చాప, చేతులకూ మెడకూ కొబ్బరినూనె, తల మీద విగ్గు, విగ్గు మీద ఈకల తురాయి. ఇరవై పిన్నులు గుచ్చారు. ఉన్న జుట్టే రెండంగుళాలు, పిన్నులు దేన్ని పట్టుకుంటాయి?

"మామా, గుచ్చుకుంటోంది."

"ఓర్చుకో బంగారం. అందమంటే అంతే. నన్ను చూడు, నాకు ఏ బాధా లేదు, నేనెలా ఉన్నానో!"

లతాయ్ నవ్వింది. అంతలో గుడారం గుడ్డ తొలిగింది. కలోలైన్! చేతిలో నడుంతాడు. వచ్చి మోకాళ్ళ మీద కూచుని, చాప సర్ది, తాడును పిల్ల నడుం చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడి వేసింది. లేస్తూ తురాయి సర్దబోయింది. లెసియేలి అడ్డం పడింది.

"నేను చూస్తాను వదినగారూ! మీరెందుకు, నూనె అంటుతుంది."

కలోలైన్ చెయ్యి గాలిలోనే ఆగింది. మరదలి మొహంలోకి చూసింది. "ఏమన్నా చెప్పాలా?" అంది మళ్ళీ, ఈసారి ఇంకా నెమ్మదిగా.

మాట లెసియేలి నాలుక చివరి దాకా వచ్చింది. బయట మైకులో లతాయ్ పేరు పిలిచారు.

"ఏం లేదు వదినగారూ" అనేసింది.

కలోలైన్ తల పంకించి వెళ్ళి ముందు వరసలో తన చాప మీద కూచుంది. సెమీసి మర్యాదకు దూరంగా, వెనకెక్కడో చెట్టు కింద నిలబడ్డాడు. పాట మొదలైంది.

ఏమాటకామాటే చెప్పాలి, ఆ పిల్ల చేసింది. మోకాళ్ళు దగ్గరపెట్టి, మడమలు కదిలీ కదలనట్టు జరుగుతూ, వేళ్ళు నీళ్ళలో తిరిగినట్టు తిప్పుతూ, నూనె మెరుపులో ఏడేళ్ళదనాన్ని ఎక్కడ దాచిందో గాని పెద్దపిల్లలా చేసింది. జనం ఈలలు వేశారు. వెనకాల ఇనోకే కప్పలా గంతులేస్తుంటే ముసలమ్మలు కడుపు పట్టుకున్నారు. పిల్ల నూనె భుజాల మీద కానుకగా డబ్బునోట్లు అతికించడానికి నలుగురు లేచారు కూడా. లెసియేలి పెదవులు మాత్రం ప్రార్థనలో కదులుతున్నాయి.

ఆ నాట్యంలో ఒక చోట తలను చటుక్కున పక్కకు విదిలించాలి. అదే దాని ప్రాణం. సరిగ్గా చేస్తే తురాయి ఈకలు ఝల్లుమంటాయి. లతాయ్ మొదటిసారి విదిలించింది. ఈకలు ఝల్లుమన్నాయి, విగ్గు ఒక వేలు జరిగింది. రెండోసారి విదిలించింది. విగ్గు కన్ను మీదికి దిగింది. ఇనోకే గంతులేస్తూనే దగ్గరికొచ్చి, అదీ ఆటలో భాగమన్నట్టు, వెనక నుంచి సర్దబోయాడు. వేళ్ళకు నూనె. మూడోసారి పిల్ల తల విదిలించేసరికి, తురాయితో సహా విగ్గు మొత్తం అతని చేతిలోకి వచ్చేసింది.

లేచిన నలుగురూ లేచినచోటే ఆగారు. ఈలలు ఆగాయి. ఎండలో లతాయ్ బోడితల, మెడ దగ్గర కోడికత్తెర వంకరలతో సహా, అందరికీ కనిపించింది.

"అయ్యయ్యో, మేనత్త పోయిందేంటే ఈ పిల్లకి?" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ, గుండె మీద చెయ్యి వేసుకుని.

"ఆ ముందు కూచున్నది ఎవరే మరి?" అంది పక్కావిడ.

పాట వినిపిస్తూనే ఉంది. లతాయ్ చేతులు మాత్రం గాలిలో నిలిచిపోయాయి. ఆ పిల్ల తల్లి వైపు చూడలేదు, సూటిగా మేనత్త వైపు చూసింది. జనమంతా అటే చూశారు.

కలోలైన్ లేచింది.

అయిపోయింది, ఇక ఆవిడ అటు తిరిగి కారు దగ్గరికి నడుస్తుంది, సాయంత్రానికి ఈ కబురు నుకుఅలోఫా దాకా పోతుంది అనుకుంది లెసియేలి. కలోలైన్ అటు తిరగలేదు. ఆరడుగుల మనిషి, చాప సర్దుకుని, మెట్లెక్కి, స్టేజీ మీద గుడ్లప్పగించి నిలబడ్డ ఇనోకే చేతిలోంచి విగ్గు లాక్కుంది. తురాయి ఊడదీసి అతని నెత్తిన పెట్టింది. విగ్గును తన తెల్లటి ముడి మీద బోర్లించుకుంది, అదీ వెనక భాగం ముందుకు వచ్చేలా.

తరవాత గంతు వేసింది.

రాజు దిగి పల్లకీ మోసినట్టు! ఆ గంతులు కిందివాళ్ళ పని. మేనత్త కూచోవాలి, చూడాలి, కానుకలు అందుకోవాలి. అక్కడున్న వాళ్ళల్లో ఏ ఒక్కరూ తమ జన్మలో ఒక మేనత్త అలా గంతేయడం చూసి ఎరగరు. ఈవిడ వేసింది. నడుం మీద చేతులు పెట్టి, ఊదారంగు జుట్టు కళ్ళ మీద పడుతుంటే, బాతులా ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు. ఇనోకే తేరుకుని ఆమె వెనక చేరాడు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ వెనక పార్కంతా పగలబడి నవ్వింది. బతికే ఉన్నాను చూసుకోండి అని ఆవిడ మైకులో చెప్పినా అంత బాగా అర్థమయ్యేది కాదు.

లతాయ్ వెనక్కి తిరిగి చూసి, ఒక్కసారి పకపకా నవ్వి, వెంటనే నాట్యం నవ్వు తెచ్చిపెట్టుకుంది. చేతులు మళ్ళీ కదిలాయి. చివరి విదిలింపు వచ్చింది. బోడితల చటుక్కున తిరిగింది, ఈకలు లేకపోయినా సరే. చెట్టు కింద సెమీసి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. ఆగినవాళ్ళు పరుగెత్తుకొచ్చి పిల్ల భుజాలు నింపేశారు.

చాప మీదికి వచ్చి కూలబడి, కలోలైన్ గ్లాసుడు పుచ్చకాయ ఓతాయ్ గటగటా తాగింది. రొప్పుతూ మూతి తుడుచుకుని, "ఏదీ?" అంది.

"వదినగారూ, నేను..."

"నీ సంగతి అడగలేదు. నా జుట్టేదీ?"

"ఫ్రీజర్లో" అంది లెసియేలి తల వంచుకుని.

"చేమాకు కింద!" అని అరిచాడు ఫొలావ్. "నేను చెప్పలేదు! అమ్మే చెప్పింది!"

"నిన్న ముద్దు పెట్టుకున్నప్పుడే తెలిసింది నాకు" అంది కలోలైన్. "ముప్పై ఏళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాను. పేలమందు వాసన పట్టలేనా? ఎండాకాలంలో ఊలు టోపీ పెడితే నమ్మడానికి నేనేమన్నా నిన్న పుట్టానా?"

"మరి ఒక్క మాట అనలేదేం వదినగారూ?"

"రెండుసార్లు అడిగాను కదే! రెండుసార్లూ 'ఏం లేదు వదినగారూ, ఏం లేదు వదినగారూ.'" ఆవిడ గొంతు సన్నం చేసి అచ్చం మరదలిలా అంది. ఇనోకే నవ్వబోయి, లెసియేలి మొహం చూసి మానుకున్నాడు.

లెసియేలికి ఇక ఆగలేదు. "భయమేసింది. పిల్లని దించెయ్యమంటారేమోనని. మా పెళ్ళిలో మీరన్నారు, ఆక్లండ్ తేమకి చాపలే చివికిపోతాయి, పద్ధతులొక లెక్కా అని. నిజమే అయిందనుకుంటారని..." మిగతాది ఏడుపులో కలిసిపోయింది.

"అన్నానా?"

"అన్నారు."

"ఏ మూడ్‌లో ఉన్నానో ఏమో! ఆ రోజు కొత్త చెప్పులు కరిచాయి, అదొకటే గుర్తు నాకు." కలోలైన్ లెసియేలి చెయ్యి లాక్కుని తన ఒళ్ళో పెట్టుకుంది. "పన్నెండేళ్ళు మోశావా ఆ మాట? పిచ్చిదానా! ఆ పిల్ల వేళ్ళు అలా తిరగడం ఎవరు నేర్పారో నాకు తెలీదనుకున్నావా? కోపం లేదని కాదు, ఉంది. జుట్టు కోసినందుకు కాదు. విగ్గు పెట్టినందుకు. అదీ ఊదారంగుది!"

సాయంత్రం ఇంటికి రాగానే ఆవిడ కూచోనైనా కూచోలేదు. రేపు ఆదివారం, చేత్తో పని ముట్టుకోకూడదు, ఏం చేసినా ఇవాళే మొదలుపెట్టాలంది. జడ ఫ్రీజర్లోంచి బయటికి వచ్చింది. వేణ్ణీళ్ళలో మూడుసార్లు ఉతికితే గాని తేనె వదల్లేదు. చచ్చిన పేలను లతాయ్, ఫొలావ్ కాగితం మీద వరసగా పేర్చి అంత్యక్రియలు చేశారు. సెమీసి గుమ్మం అవతల నిలబడి దగ్గాడు, టీ గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళాడు.

కలోలైన్ వంటింటి బల్ల దగ్గర కూచుని, ఆరిన జుట్టును సన్నటి పాయలుగా విడదీసి అల్లడం మొదలుపెట్టింది. చేతులు వాటంతట అవే నడుస్తున్నాయి. లతాయ్ బల్ల మీద గడ్డం ఆనించి చూస్తోంది.

"ఇది నాకా అత్తా?"

"నీకెందుకు, నాకు. నీ జుట్టు కోసేది ఎప్పుడో తెలుసా? నేను పోయినప్పుడు. ఎంత బాగా పెంచావో, ఎంత పొడుగుందో చూసుకోవడానికి నేనుండను, పెట్టెలో పడుకుని ఉంటాను. మా మేనత్త కూడా అంతే. నా జుట్టు ఆవిడ కోసమే తీశారు, పాపం ఆవిడ చూసుకోనేలేదు. నాకు మాత్రం మీ అమ్మ పుణ్యమా అని బతికుండగానే దక్కింది. నడుముకి కట్టుకుని చర్చికి వెళతాను. నుకుఅలోఫాలో ఒక్కొక్కతె కుళ్ళుకు చావాలి!"

స్టవ్ దగ్గర నిలబడ్డ లెసియేలి కళ్ళు తుడుచుకుంది. ఆ తడిని ఉల్లిపాయల మీద నెడదామంటే ఉల్లిపాయలు కూడా లేవు.

లతాయ్ ఇంకా ఆలోచిస్తూనే ఉంది. "మరి నువ్వు పోయినప్పుడు మళ్ళీ కొయ్యాలా?"

"కొయ్యాలి."

"అప్పటికి పొట్టిగానే ఉంటే?"

"పొట్టిగా ఉంటే ఏం కోస్తారు? పెరగాలి. నీ జుట్టు మళ్ళీ నడుం దాకా వచ్చేదాకా నేను పోనులే, సరేనా?"

లతాయ్ మెడ వెనక చెయ్యి పెట్టుకుని, ఎంత ఉందో తడిమి చూసుకుంది. కుర్చీ దిగింది. సొరుగు లాగి, కోడిమాంసం కోసే కత్తెర తీసి, తెచ్చి తల్లి చేతిలో పెట్టింది.

"అయితే అమ్మా, నెలనెలా కోస్తూ ఉండు" అంది.

కలోలైన్ వేళ్ళు అల్లిక మీద ఆగిపోయాయి. తల ఎత్తలేదు. కాసేపటికి ముక్కు చీది, పాయ మళ్ళీ అందుకుంది.

"నన్నడిగి" అంది. "నన్నడిగి కొయ్యండి."